వీర్యకణాల కౌంట్ తక్కువైతే నేరుగా ఇక్సీనా, ముందు భర్తకు వైద్యమా?

హన్మకొండ_అన్న: మా తమ్ముడి వీర్యపరీక్షలో మిల్లీలీటరుకు 90 లక్షల కణాలే వచ్చాయి. వేరికోసిల్ (వృషణాల పైన సిరలు ఉబ్బడం) కూడా ఉందన్నారు. మరదలికి 29 ఏళ్లు, ఆమె పరీక్షలన్నీ బాగున్నాయి. ఇక్కడి డాక్టరు వెంటనే ఇక్సీకి, అంటే ల్యాబులో అండంలోకి ఒక్క వీర్యకణాన్ని ఎక్కించే పద్ధతికి, వెళ్లమంటున్నారు. ఆపరేషన్ చేయించి ఆగాలా?

మంచిర్యాల_మాస్టారు: ఆగాలి. అసలు ఒక్క పరీక్షతో ఏదీ తేలదు. రెండు నుంచి ఏడు రోజుల విరామం పాటించి మళ్లీ చేయించండి. వీర్యకణం తయారవడానికే సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఆ మధ్య గట్టి జ్వరం వచ్చినా కౌంట్ పడిపోతుంది. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వాడుతున్నాడేమో అడగండి, అవి కణాల తయారీనే ఆపేస్తాయి. వేరికోసిల్ చేతికి తగిలేంత ఉంటే ఆపరేషన్ చేయించవచ్చు, స్కానింగులో మాత్రమే కనిపిస్తే అక్కర్లేదు. కౌంట్ మిల్లీలీటరుకు కోటిన్నర దాటితే చాలు.

గోదావరిఖని_షిఫ్ట్: కోటిన్నర పాత లెక్క. వీర్యపరీక్షల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన పుస్తకంలో కోటీ 60 లక్షలు.

మంచిర్యాల_మాస్టారు: ఆ పది లక్షల తేడాతో ఎవరి వైద్యమూ మారదు. అది పాస్ మార్కు కాదు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవారిలో అట్టడుగు 5 శాతాన్ని వేరుచేసే గీత, అంతే.

గోదావరిఖని_షిఫ్ట్: అయినా రాసేటప్పుడు సరిగా రాయాలి.

ఓరుగల్లు_కోడలు: ఆగమనడం తేలికే. ఆపరేషన్ తర్వాత ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు. అన్నాళ్లూ మాటలు పడేది ఎవరు? ఇక్సీ 1992 నుంచీ ఉంది. దారి ఉండగా ఎందుకు ఆగాలి?

మంచిర్యాల_మాస్టారు: లోపం భర్తదైతే పది పన్నెండు రోజులు హార్మోన్ సూదులు పొడిపించుకునేది భార్య. మత్తిచ్చి అండాలు తీసేదీ ఆమె ఒంట్లోంచే. ఆమె మీద జాలి ఉంటే ముందు అతనికే వైద్యం చేయించాలి.

ఓరుగల్లు_కోడలు: జాలి గురించి మీరు చెప్పకండి! మా ఆయన రిపోర్టు బీరువాలో దాచి, నన్ను మేడారం తీసుకెళ్లి నా కడుపు పండాలని మొక్కించారు. శ్రీమంతాలకు నన్ను పిలవడం మానేశారు. ఆయన పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు. సూదుల నొప్పి నాకు గుర్తు కూడా లేదు.

మంచిర్యాల_మాస్టారు: నా రిపోర్టు మా ఇంట్లో దాచలేదు. ఊరంతా తెలిసింది. బంధువులు పెళ్లి పందిట్లో నా ముందే నవ్వారు. నేను బడికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు చాలాకాలం. ఇది భార్యాభర్తల మధ్యే ఉండాలి, పెద్దలకు చెప్పాల్సిన పని లేదు.

ఓరుగల్లు_కోడలు: ఆ మౌనం ఖరీదు మేమెందుకు కట్టాలి? హన్మకొండ అన్నగారూ, లోపం ఎవరిదని మీ అమ్మగారు అనుకుంటున్నారు?

హన్మకొండ_అన్న: మరదలిదనే. ఎవరికీ చెప్పవద్దని తమ్ముడు మాట తీసుకున్నాడు.

ఓరుగల్లు_కోడలు: ఆ మాట ఇచ్చేటప్పుడు మరదలిని అడిగారా? ఇక్సీకైతే కృత్రిమ గర్భధారణ వైద్యాల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం ఆమె కూడా సంతకం పెట్టాలి. నింద మోయడానికి మాత్రం ఆమె ఒప్పుకోలు అక్కర్లేదా?

హన్మకొండ_అన్న: అడగలేదు. రాత్రికి తమ్ముడితో మాట్లాడతాను.

మంచిర్యాల_మాస్టారు: మాట్లాడండి, రెండో పరీక్ష కూడా చేయించండి. అతను ఒప్పుకోకపోతే మాత్రం మీరు నోరు విప్పకండి.

ఓరుగల్లు_కోడలు: ఒప్పుకోకపోయినా విప్పండి.