చవక పెట్రోల్ ఇంజిన్ కొనేముందు ఏం చూడాలి? (30 సీసీ, పెద్ద మోడల్ విమానానికి)

ప్రశ్న

ఇన్నాళ్లూ 10 సీసీ గ్లో ఇంజిన్లతోనే (పెట్రోల్ కాకుండా మిథనాల్ ఇంధనంతో నడిచేవి) ఎగరేశాను. ఇప్పుడు కడుతున్నది రెక్కల పొడవు 1.9 మీటర్లు, బరువు ఐదున్నర కిలోలు వచ్చే విమానం. 30 సీసీ పెట్రోల్ ఇంజిన్ పెట్టాలని ఉంది కానీ పేరున్న రకం కొనేంత బడ్జెట్ లేదు. రెండు కనబడ్డాయి. ఒకటి మోడల్ విమానాల కోసమే చేసిన చవక ఇంజిన్. రెండోది గడ్డి కోసే మెషీన్ ఇంజిన్‌ని మార్చి అమ్ముతున్నది, ఇంకా చవక. మొదటిదానికి నాలుగు హార్స్‌పవర్ అని రాశారు, రెండోదానికి రెండున్నర. ఆ తేడా చూసి మొదటిది కొనేయొచ్చా?

జవాబు

మొదటిదే కొనండి, కానీ ఆ హార్స్‌పవర్ చూసి మాత్రం కాదండీ. ఎంత ఆర్‌పీఎం దగ్గర అంత వచ్చిందో చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు. మీ ప్రొపెల్లర్‌తో ఇంజిన్ అంత వేగం అందుకోకపోతే ఆ పవర్ ఉన్నా లేనట్టే. అమ్మేవాళ్లని ఒక్క మాట అడగండి: 18×8 ప్రొపెల్లర్‌తో (18 అంగుళాల వ్యాసం, 8 అంగుళాల పిచ్) నేలమీద ఎంత తిరుగుతోంది? 7,000 ఆర్‌పీఎం దరిదాపుల్లో నిలకడగా తిరిగితే మీ విమానానికి చాలు.

ఇంజిన్ చేతికొచ్చాక ఇగ్నిషన్ బ్యాటరీ తగిలించకుండా, ప్లగ్ తీసేసి, ప్రొపెల్లర్ బిగించే హబ్ పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. వదులుగా కదులుతున్నట్టు తెలియకూడదు. మెల్లగా తిప్పితే లోపల ఇసుక పడ్డట్టు గరగరలాడిందా, ఆ బేరింగుని నమ్మొద్దు. ప్లగ్ మళ్ళీ బిగించి తిప్పితే కంప్రెషన్ దగ్గర చేతికి అడ్డం పడాలి. కొత్తదానిలో రింగ్ ఇంకా కుదురుకోదు కనుక కాస్త మెత్తగా ఉన్నా కంగారు పడక్కర్లేదు.

కార్బురేటర్ వాల్‌బ్రో కంపెనీదా, దాని నకలా అని చాలామంది మొదట అదే అడుగుతారు. నకలు అనగానే కొట్టిపారేయను, నాదగ్గర ఒకటి బాగానే నడుస్తోంది. డయాఫ్రం (కార్బురేటర్ లోపలి పలచటి పొర), గాస్కెట్ల కిట్ దొరుకుతుందా అన్నదే నేను చూసేది. ఏడాది వాడకుండా పక్కన పడేస్తే ఆ డయాఫ్రం గట్టిపడి ఇంజిన్ మొండికేస్తుంది. అలాగే రింగ్, బేరింగులు, ఇగ్నిషన్ బాక్సు విడివిడిగా అమ్ముతున్నారేమో చూడండి. అవి దొరకని ఇంజిన్ సగం ధరకిచ్చినా నేను తీసుకోను.

బరువు కూడా మఫ్లర్, ఇగ్నిషన్ బాక్సు, దాని బ్యాటరీ, స్టాండాఫ్‌లు (ఇంజిన్‌ని విమానానికి బిగించే కాళ్లు) అన్నీ కలిపి లెక్కేయండి. ప్రకటనల్లో చాలాసార్లు ఒట్టి ఇంజిన్ బరువే ఉంటుంది.

ఇంకొకరి జవాబు

గడ్డి మెషీన్ ఇంజిన్లంటే నాకు మక్కువే, నా మొదటి పెద్ద విమానం దాంతోనే ఎగిరింది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతమే స్పార్క్ పుట్టిస్తుంది, ఇగ్నిషన్ బ్యాటరీ గొడవ లేదు. కానీ ఆ ఫ్లైవీల్ బరువంతా ముక్కు మీదే. పైగా మెల్లగా తిప్పితే స్పార్క్ రాదు, జోరుగా విసరాలి. ఒకసారి అలా విసిరాక నా వేళ్లు వాచిపోయి వారం రోజులు అన్నం స్పూన్‌తోనే తిన్నాను. ఐదున్నర కిలోల విమానానికి నేనైతే పెట్టను.

గ్లో వాడినవాళ్లకి ఇంకో మాట. పాత సిలికాన్ ట్యూబు, ట్యాంకు రబ్బరు బిరడా పెట్రోల్‌కి పనికిరావు. ట్యూబు ఉబ్బిపోతుంది, బిరడా జిగురుజిగురుగా అవుతుంది. రెండూ పెట్రోల్‌కి తట్టుకునేవే వేసుకోండి.

అడిగినవారు, మూడు వారాల తర్వాత

మొదటిదే కొన్నాను. బేరింగు బాగుంది. లీటరు పెట్రోల్‌కి 33 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిల్ కలిపి, బల్లకి బిగించి నడిపాను. చోక్ మూసి నాలుగైదుసార్లు తిప్పితే టప్ మంది, చోక్ తీసి రెండోసారికే అందుకుంది. స్లోలో బాగానే ఆడుతోంది. థ్రాటిల్ గబుక్కున తెరిస్తే మాత్రం చప్పున ఆగిపోతోంది. కార్బురేటర్‌లో పెట్రోల్ సర్దే రెండు నీడిల్సూ (స్లోకి లో, ఫుల్ థ్రాటిల్‌కి హై) ఒకటిన్నర చుట్టు తెరిచే ఉన్నాయి. ఇంజిన్‌లోనే లోపమా అని టెన్షన్ పడుతున్నాను.

మొదట జవాబిచ్చినవారు

ఆగేముందు గుడగుడమని పొగ కక్కుతోందా, లేక శుభ్రంగా, స్విచ్ ఆపినట్టు ఆగుతోందా? పొగ కక్కితే రిచ్ (పెట్రోల్ ఎక్కువ), శుభ్రంగా ఆగితే లీన్ (పెట్రోల్ తక్కువ). లీన్ అయితే లో నీడిల్‌ని చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తెరుస్తూ చూడండి. కానీ అంతకన్నా ముందు కార్బురేటర్‌కీ రీడ్ బ్లాక్‌కీ (ఇంజిన్ లోపలికి మిశ్రమాన్ని పంపే వాల్వు ఉన్న దిమ్మ) మధ్య స్క్రూలు బిగించి ఉన్నాయో లేదో చూడండి. అక్కడ గాలి దూరితే నీడిల్ ఎంత తిప్పినా సెట్ కాదు. గాస్కెట్‌లోని చిన్న రంధ్రం కూడా చూడండి. క్రాంక్‌కేస్ ఒత్తిడి దాని గుండానే వెళ్లి కార్బురేటర్ పంపుని ఆడిస్తుంది. గాస్కెట్ తిరగేసి పెడితే అది మూసుకుపోతుంది.

అడిగినవారు

శుభ్రంగానే ఆగుతోంది. చూస్తే రంధ్రం సరిగ్గానే ఉంది కానీ రెండు స్క్రూలు అర చుట్టు తిరిగాయి! బిగించి, లో నీడిల్ ఒక్క ఎనిమిదో వంతు తెరిచాను. ఇప్పుడు పికప్ బాగుంది. టాకోమీటర్‌లో 18×8తో 6,900 ఆర్‌పీఎం వచ్చింది. హై నీడిల్ ఇంకా మూస్తే పెరుగుతుందా?

మొదట జవాబిచ్చినవారు

పెరుగుతుంది, ఇంజిన్ కూడా కాలుతుంది. గరిష్ఠం ఎక్కడో కనుక్కుని, అక్కడినుంచి 200 ఆర్‌పీఎం దాకా తగ్గేలా నీడిల్ తెరిచి వదిలేయండి. విమానంలో బిగించాక ఒకరిచేత గట్టిగా పట్టించి, ముక్కు ఆకాశానికెత్తి, ఫుల్ థ్రాటిల్‌లో అరనిమిషం వినండి. స్వరం పడిపోతే ఇంకా లీన్‌గానే ఉన్నట్టు. ప్రొపెల్లర్ తిరిగే వరసలో మాత్రం ఎవరూ నిలబడొద్దు, సరిచేసేదేదైనా వెనకనుంచే.

ఇంకొకరు

ప్రొపెల్లర్ చెక్కదైతే మొదటిసారి ఎగరేసేముందు బోల్టులు మరోసారి బిగించండి. రాత్రికి రాత్రే చెక్క కుంగి వదులవుతుంది. మఫ్లర్ బోల్టులు కూడా చూడండి, నాది రెండో ట్యాంకుకే ఊడి పొలంలో పడింది, ఇంతవరకూ దొరకలేదు.