నిప్పు లేకుండా రెండు తీగలు ఎలా అతుక్కుంటాయి?

రాజాం_రివైండింగ్:
మాది రాజాంలో మోటార్ రివైండింగ్ షాపు. మా బావమరిది తీగలు లాగే ఫ్యాక్టరీలో చేస్తున్నాడు. అక్కడ ఒక అల్యూమినియం కాయిల్ అయిపోతే దాని కొసని, కొత్త కాయిల్ కొసని ఒక మిషన్లో ఎదురెదురుగా పెట్టి నాలుగైదుసార్లు నొక్కుతారట, గ్యాసు లేదు, టంకం లేదు, తీగ ఒక్కటైపోతుందట. కోల్డ్ వెల్డింగ్ అంటారట. నొక్కితే లోహం అతుక్కునేదైతే డబ్బాలో ఒకదానిమీద ఒకటి పడి ఉన్న నట్లు ఎందుకు అతుక్కోవు? షాపుల్లో కోల్డ్ వెల్డ్ పేరుతో రెండు ముద్దలు కలిపి పూసేది అమ్ముతారు, అదీ ఇదీ ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

విజయనగరం_ఫిజిక్స్:
ముందు చివరి ప్రశ్న. ఆ ముద్దలు ఎపాక్సీ, అంటే జిగురు. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక అసలు సంగతి. లోహంలో పరమాణువులన్నిటినీ పట్టి ఉంచేవి వాటి మధ్య స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. రెండు శుభ్రమైన లోహపు ముఖాలు పరమాణువుల మధ్య ఉండేంత దగ్గరికి వస్తే, ఇది ఈ ముక్కది, అది ఆ ముక్కది అనే తేడా ఉండదు, బంధం ఏర్పడిపోతుంది. వేడి అవసరమే లేదు. మరి నట్లు ఎందుకు అతుక్కోవంటే, గాలి తగిలిన దాదాపు ప్రతి లోహం మీదా ఆక్సైడ్ పొర, తేమ, జిడ్డు ఉంటాయి. పొడిపిండి అద్దిన రెండు చపాతీ ఉండలు అంటుకోనట్టే. పైగా ఎంత నున్నగా కనిపించినా ముఖాలు గరుకే, అక్కడక్కడ మొనలు మాత్రమే తాకుతాయి. గట్టిగా నొక్కితే మెత్తని లోహం పక్కలకి సాగుతుంది, పెళుసైన ఆక్సైడ్ సాగలేక పగులుతుంది, ఆ పగుళ్లలోంచి తాజా లోహం బయటికొచ్చి అవతలి తాజా లోహాన్ని కలుస్తుంది. అందుకే అల్యూమినియం, రాగి, సీసం, బంగారం లాంటి సాగేవాటికే ఇది బాగా కుదురుతుంది. 1724లోనే డెసాగులియర్ అనే శాస్త్రవేత్త రెండు సీసపు గుండ్లని కొంచెం చెక్కి, మెలితిప్పి నొక్కి అతికించి చూపించాడు.

అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి అరిగిన పొర మళ్లీ ఏర్పడదు, అక్కడ ఇదే పెద్ద టెన్షన్. 1991లో గెలీలియో నౌక పెద్ద యాంటెన్నా పూర్తిగా తెరుచుకోలేదు. కందెన పూత అరిగిపోయి పిన్నులు పట్టేశాయని ఇంజనీర్లు భావించారు.

బొబ్బిలి_ఫిట్టర్:
సార్ చెప్పింది నిజం, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుకి అదే స్టీలు నట్టు పొడిగా బిగిస్తే మధ్యలో పట్టేసి ముందుకీ వెనక్కీ రాదే, అదీ ఈ జాతిదే. మేం అందుకే ముందు యాంటీ సీజ్, అంటే పట్టేయకుండా ఆపే పేస్టు, రాస్తాం.

రాజాం అన్నా, నాలుగైదుసార్లు నొక్కడానికి కారణం ఉంది. ప్రతి నొక్కుకీ కొసల దగ్గర లోహం చుట్టూ రేకులా ఉబుకుతుంది, పాత పొర, మురికి ఆ రేకుతో బయటికి పోతాయి. తర్వాత రేకు తీసేస్తారు. కొసలు అప్పుడే నిటారుగా కోయాలి, వేలు తగలకూడదు, చేతి నూనె చాలు పాడు చేయడానికి. పట్టీల్లా ఒకదానిమీద ఒకటి పెట్టి నొక్కేదైతే వేరే కథ, ముందు జిడ్డు కడగాలి, తర్వాతే వైర్ బ్రష్, ఆ వరస తిరగబడితే జిడ్డునే లోహంలోకి రుద్దినట్టు. వెంటనే నొక్కేయాలి. అల్యూమినియం పట్టీలైతే మందం సగానికి పైగా తగ్గాలి.

రాజాం_రివైండింగ్:
చాలా థ్యాంక్స్ అన్నా, సార్. మరి రాగి వైరుకి అల్యూమినియం వైరు? మా దగ్గర పొలం మోటార్లకి అక్కడే ఎక్కువ కాలిపోతుంటాయి.

బొబ్బిలి_ఫిట్టర్:
మిషన్లో అయితే ఆ రెండూ బాగానే అతుకుతాయి. కరిగించి కలిపితే మధ్యలో పెళుసు పొర తయారై విరిగిపోతుంది, చల్లగా చేస్తే ఆ బాధ తక్కువ. కానీ పొలం దగ్గర ప్లయర్‌తో మెలేసి నొక్కింది కోల్డ్ వెల్డింగ్ కాదు, ఆ ఒత్తిడి చాలదు. తేమ చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది, జాయింటు వేడెక్కుతుంది. అక్కడ బైమెటల్ లగ్గు, అంటే ఒకవైపు రాగి, ఒకవైపు అల్యూమినియం ఉండే ముక్క, వేసి క్రింపింగ్ టూల్‌తో నొక్కండి, పని మొదలెట్టేముందు ఫ్యూజులు తీసేయండి.