అయోవా పొలాల కింద సీఓటూ పైప్‌లైన్: ఒప్పుకోవాలా, వద్దా?

మొక్కజొన్న ఊరు

మేం అయోవాలో ఒక చిన్న ఊళ్లో ఉంటాం. మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో ఉండే ఒక రైతు మా కుటుంబానికి బాగా కావలసినవాడు. తన పొలం గుండా కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) పైప్‌లైన్ వేస్తామని ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఆయనకు సరిగ్గా నిద్ర లేదు. ఆయన్ని చూసి నాకూ టెన్షన్ పట్టుకుంది.

తెలియనివాళ్ల కోసం విషయం చెబుతాను. మొక్కజొన్న నుంచి ఇథనాల్ (పెట్రోల్లో కలిపే ఇంధనం) తీసే 57 ఫ్యాక్టరీల దగ్గర సీఓటూని పట్టి, అయిదు రాష్ట్రాల మీదుగా దాదాపు 2,500 మైళ్ల పైపుల్లో నార్త్ డకోటాకు పంపి, అక్కడ భూమి లోతుల్లోకి ఎక్కించాలని ప్రాజెక్టు వేశారు. 2024 జూన్‌లో అయోవా నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. ఒప్పుకోని రైతు భూమిలోనూ పైపు వేసుకునే హక్కు కూడా అందులో ఉంది. 2025 మార్చిలో పక్కనున్న సౌత్ డకోటా మాత్రం కార్బన్ పైపులకు ఆ హక్కు లేదని చట్టం చేసింది. ఇక్కడ ఆ హక్కుకు కళ్లెం వేసే బిల్లు చట్టసభలో నెగ్గినా జూన్‌లో గవర్నర్ వీటో చేశారు.

సీఓటూని భూమిలో దాచడానికి నేను వ్యతిరేకిని కాను. ఎండలు, వరదలు ఎలా మారుతున్నాయో చూస్తూనే ఉన్నాం. నా భయం మధ్యలో ఉన్న ఈ ప్రయాణం గురించే. 2020 ఫిబ్రవరి 22 సాయంత్రం మిసిసిపీలో సటార్షియా అనే పల్లెకు ఒక మైలు దూరంలో 24 అంగుళాల సీఓటూ పైపు తెగింది. అంతకుముందు కురిసిన భారీ వర్షాలకు గట్టు జారి వెల్డింగ్ అతుకు ఊడిపోయింది. నిప్పు అంటుకోలేదు, మంట రాలేదు. తెల్లటి మబ్బు పల్లంలోకి దిగి ఊరి మీద పరుచుకుంది. కార్లలో పారిపోదామంటే ఆక్సిజన్ చాలక ఇంజిన్లు ఆగిపోయాయి. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే కూలబడ్డారు. 200 మందిని ఖాళీ చేయించారు, 45 మంది ఆసుపత్రికి వెళ్లారు. పైపు నడిపే డెన్‌బరీ కంపెనీ ముందుగా వేసుకున్న లెక్కల్లో ఆ ఊరు ప్రమాద పరిధిలోనే లేదు. ఇది ప్రభుత్వ విచారణ నివేదికలో ఉన్న మాట.

అక్కడ జరిగింది మా దగ్గర జరగదని ఎవరైనా నమ్మకంగా చెప్పగలరా?

హ్యూస్టన్ పైపులు

పైప్‌లైన్ల పనిలో చాలాకాలంగా ఉన్నాను. నాకు తెలిసింది చెబుతాను, నచ్చకపోతే వాదించండి.

అమెరికాలో సీఓటూ పైపులు కొత్తవి కావు. 1970ల నుంచి ఉన్నాయి. ముసలి చమురు బావుల నుంచి మిగిలిన నూనెను బయటికి నెట్టడానికి ఈ గ్యాస్ పంపుతారు. అలాంటి లైన్లు ఇప్పుడు 8,000 కిలోమీటర్లకు పైనే. సటార్షియాలో పడ్డ బాధ చిన్నది కాదు, కానీ ప్రాణం పోలేదు. వంటకీ హీటర్లకీ వచ్చే సహజవాయువు లైన్ల వల్ల ఈ దేశంలో మనుషులు చనిపోతూనే ఉన్నారు. వాటిని ఎవరూ ఆపమనడం లేదు.

ఇంకోటి. సటార్షియా లైనులో పోయేది ఫ్యాక్టరీలో పట్టిన గ్యాస్ కాదు. జాక్సన్ దగ్గర భూమిలో సహజంగా ఉన్న నిల్వ నుంచి తీసింది. అందులో కొంచెం హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంది. ఇథనాల్ ఫ్యాక్టరీలో పులియబెట్టినప్పుడు వచ్చేది దాదాపు శుద్ధమైన సీఓటూ. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

కోనసీమ గట్టు

అన్నా, పైపు వేసేవాళ్ల మాట ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. మాది మామిడికుదురు వైపు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే గ్రామంలో గ్యాస్ లైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాస్ పోవాల్సిన గొట్టంలో నీళ్లు, ఇతర ద్రవాలు కలిసిన గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. అంతకుముందు అందరికీ చెప్పింది "సేఫ్" అనే.

అది మండే గ్యాస్, ఇది మండని గ్యాస్ అంటారేమో. నేనడిగేది గ్యాస్ సంగతి కాదు. లోపల తడి చేరిందని పైన ఉన్న ఊరికి ఎలా తెలుస్తుంది?

హ్యూస్టన్ పైపులు

కోనసీమ గారూ, సరైన చోట పట్టుకున్నారు. సీఓటూకి నీళ్లు తగిలితే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది, మామూలు ఉక్కును తినేస్తుంది. అందుకే పైపులోకి పంపేముందు గ్యాస్‌ను బాగా ఆరబెడతారు. తేమను మీటర్లు ఎప్పటికప్పుడు కొలుస్తాయి, హద్దు దాటితే ఆ ఫ్యాక్టరీ వాల్వు మూసేయాలి. 57 చోట్ల నుంచి ఒకే లైనులోకి వస్తున్నప్పుడు ఒక్క చోట డ్రయ్యర్ పాడైనా చెడు అందరిదీ. ఈ విషయంలో మీ అనుమానం న్యాయమైనదే.

ఈ గ్యాస్ గుణం కూడా చెప్పాలి. 31 డిగ్రీలు, 74 బార్ల పీడనం (ఒక బార్ అంటే సుమారుగా మామూలు గాలి పీడనం) దాటితే అది అటు గ్యాస్‌లానూ ఇటు ద్రవంలానూ ఉంటుంది. సాంద్రత ద్రవానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చిన్న గొట్టంలో ఎక్కువ పోతుంది. పీడనాన్ని 74 కంటే బాగా పైన ఉంచుతారు. గొట్టం తెగితే ఒక్కసారిగా వ్యాకోచించి గడ్డకట్టేంత చల్లబడుతుంది, చుట్టూ డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన సీఓటూ, పేరుకుంటుంది. చీలిక పైపు పొడుగునా గుడ్డ చినిగినట్టు సాగిపోయే ప్రమాదం కూడా ఉంది. దాన్ని ఆపడానికి దళసరి ఉక్కు, మధ్యమధ్యలో పట్టీలు వేస్తారు. ఇవన్నీ తెలిసిన సమస్యలే, చేయగల పనులే.

సున్నపురాయి

రసాయనశాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఇథనాల్ సంగతి పక్కన పెట్టండి. కారు కరెంటుతో నడుస్తుంది కాబట్టి దానికి వేరే దారి ఉంది. సిమెంటుకు లేదు. సున్నపురాయిని కాల్చి సున్నం చేస్తే రాయిలోంచే సీఓటూ వస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీ వదిలే దానిలో సుమారు 60 శాతం ఇదే. కొలిమిని సోలార్‌తో నడిపినా అది ఆగదు. పైపులన్నీ వద్దంటే సిమెంటు సీఓటూ ఆకాశంలోకే పోతుంది.

బెర్గెన్ వాన

పైపు తప్ప దారి లేదనేవాళ్లు నార్వే చూడండి. బ్రెవిక్‌లోని సిమెంటు ఫ్యాక్టరీలో ఏడాదికి 4 లక్షల టన్నులు, అంటే అది వదిలే దానిలో సగం, పట్టే ప్లాంటు 2025లో మొదలైంది. గ్యాస్‌ను మైనస్ 26 డిగ్రీలకు చల్లబరచి, 15 బార్ల పీడనంలో ద్రవంగా ఓడలో నింపుతారు. ఒక్కో ఓడ 7,500 ఘనపు మీటర్లు మోస్తుంది. బెర్గెన్ పక్కన ఉన్న ఓయ్‌గార్డెన్‌లో దింపి, అక్కణ్ణుంచి 100 కిలోమీటర్ల పైపులో సముద్రం అడుగున 2,600 మీటర్ల లోతుకు పంపుతారు. ఆ పైపు సముద్రంలో ఉంటుంది, ఎవరి పడకగది పక్కనా ఉండదు. 2025 ఆగస్టులో మొదటి సీఓటూ లోపలికి దిగింది.

ఖర్చులో పెద్ద భాగం నార్వే ప్రభుత్వమే పెట్టుకుంది. అది కూడా చెప్పకపోతే తప్పవుతుంది.

హ్యూస్టన్ పైపులు

బెర్గెన్ గారూ, అయోవాకు సముద్రం ఎక్కడుంది? ఓడ లేకపోతే లారీ. లారీకి 20 టన్నులు వేసుకుంటే, బ్రెవిక్ అంత ఒక్క ఫ్యాక్టరీకే ఏడాదికి 20,000 ట్రిప్పులు, రోజుకు 55. నిండు లారీలు పల్లె రోడ్ల మీద, మంచులో. దాంతో పోలిస్తే పైపే నయం.

మొక్కజొన్న ఊరు

హ్యూస్టన్ గారూ, మీ లెక్క కాదనను. లారీలు నాకూ వద్దు. కానీ శుద్ధమైన గ్యాస్ అన్నారు చూడండి, నాకు భయం వేసింది అక్కడే. సటార్షియాలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండబట్టే కుళ్లిన గుడ్ల వాసన వస్తోందని జనం చెప్పగలిగారు. మీరు చెప్పే శుద్ధమైన సీఓటూకి రంగు లేదు, వాసన లేదు. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి వాగుల్లోకి, బేస్‌మెంట్లలోకి దిగుతుంది. మా ఊళ్లో ప్రతి ఇంటికీ బేస్‌మెంటుంది. టోర్నడో సైరన్ మోగితే పిల్లల్ని తీసుకుని దిగేది అందులోకే. గాలిలో 4 శాతం చేరితేనే ప్రాణాపాయ స్థాయి అంటారు, 10 శాతమైతే నిమిషాల్లో స్పృహ పోతుంది. సైరన్ వినగానే ఏ సైరనో తెలియక జనం కిందికి దిగితే? ఈ ప్రశ్న కౌంటీ మీటింగులో అడిగాను. కంపెనీ తరఫున వచ్చినాయన రాసుకున్నాడు, జవాబు మాత్రం రాలేదు.

వాల్వులు మూస్తారనకండి. మూసినా రెండు వాల్వుల మధ్య ఉన్నదంతా బయటికి రావలసిందే. 24 అంగుళాల గొట్టం ఒక్క కిలోమీటరులోనే 200 టన్నులకు పైగా పడుతుంది.

ఇక నియమాలు. సటార్షియా తర్వాత అయిదేళ్లకు, 2025 జనవరిలో, కేంద్ర పైప్‌లైన్ భద్రతా సంస్థ కొత్త ముసాయిదా ప్రకటించింది. తెగితే గ్యాస్ ఎంత దూరం పాకుతుందో సరిగ్గా లెక్కగట్టాలని, స్థానిక ఫైర్ సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. ప్రభుత్వం మారగానే అది వెనక్కి పోయింది. నియమం లేకుండా పైపు ముందు వస్తానంటోంది. భూమిలో దాచిన సీఓటూకి టన్నుకు 85 డాలర్ల పన్ను రాయితీ వెళ్లేది పైపు నడిపేవాళ్లకూ ఫ్యాక్టరీలకూ. ప్రమాదం మిగిలేది పొలం ఇచ్చినవాడికి.

కోనసీమ గట్టు

బేస్‌మెంటు సంగతి నాకు తట్టలేదు. మాకు వరదొస్తే మేడెక్కుతాం. మీరు కిందికి దిగుతారు.

హ్యూస్టన్ పైపులు

నేనూ ఇంత సూటిగా ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. ఊళ్లకు దూరంగా లైను మళ్లించవచ్చు, వాల్వులు దగ్గరదగ్గరగా పెట్టవచ్చు, గ్యాస్‌లో వాసన పదార్థం కలపవచ్చు. డబ్బు ఖర్చవుతుంది అంతే. ఇవి రాతపూర్వకంగా ఇస్తే మీ రైతు సంతకం పెడతాడా?

మొక్కజొన్న ఊరు

ఆయన మాట నేను చెప్పలేను. తాత కొన్న భూమి, తన చేతుల్లో ఉన్నంతవరకు ఎవరూ బలవంతం చేయకూడదంటాడు. ఆ ఒక్క విషయంలో ఆయన దిగిరాడు, నేనూ దిగిరమ్మని అడగను.

నా మటుకు నాకైతే వాసన, మార్గం, వాల్వులు చట్టంలో ఉంటే వ్యతిరేకించను. సున్నపురాయి గారు చెప్పిన సిమెంటు మాట నిజమే కాబట్టి. వచ్చే మీటింగుకు సైరన్ ప్రశ్నతో పాటు ఇంకొకటి తీసుకెళ్తున్నాను. మా ఊరి ఫైర్ చీఫ్ జీతం లేని వాలంటీర్, పగలంతా ట్రాక్టర్ల షెడ్డులో పని చేస్తాడు. పైపు తెగిన నిమిషంలో ఆయనకు ఫోన్ చేసేది ఎవరు, ఆక్సిజన్ సిలిండర్లు కొనిచ్చేది ఎవరు, ఆయన ఇంజిన్ ఆగిపోతే ఊళ్లోకి వెళ్లేది ఎవరు?