సూపర్ హీరోల బొమ్మల ఎన్‌సైక్లోపీడియాలు: ఏవి నిలబడ్డాయి, ఏవి ఊడిపోయాయి?

అనంత నాన్న (అనంతపురం)

అందరికీ నమస్కారం. మా వాడికి పదకొండేళ్లు, స్పైడర్‌మ్యాన్ అంటే ప్రాణం. సినిమాలన్నీ చూసేశాక "వీళ్లను మొదట ఎవరు గీశారు నాన్నా? ఏ పుస్తకంలో వచ్చారు?" అని రోజూ అడిగేవాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. పోయిన పుట్టినరోజుకు లావుపాటి ఎన్‌సైక్లోపీడియా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను, 2 వేల పైనే అయింది.

మా ఊరి ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మే నెలలో మేడ మీది గదిలో పెట్టిన పుస్తకానికి వీపు జిగురు మెత్తబడి వదిలేసింది. పేజీలు పేకముక్కల్లా చేతికొచ్చాయి. వాడు నంబర్లు చూసి వరసగా పేర్చి, రబ్బర్ బ్యాండ్ వేసి దాచుకున్నాడు. ఆ కట్టను చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది.

ఇంకో సంగతి. అందులో వందల బొమ్మలున్నాయి, ఒక్కదాని కిందా గీసినవాళ్ల పేరు లేదు. వాడు అడిగిందేమో అదే. మళ్లీ కొనాలంటే ఏం చూసుకోవాలి? ఉన్నదాన్ని బాగు చేయించే దారి ఉందా?

బురుజు కింద (కర్నూలు)

అన్నా, మా నాన్న బైండింగ్ పనిలోనే బతికారు, నేనూ అదే పని. మీది గమ్ బైండింగ్. పేజీలన్నీ విడివిడిగా కోసి, వీపు వైపు వేడి జిగురు పూసి అట్ట అంటిస్తారు. మామూలు నవలకు సరిపోతుంది. బొమ్మల పుస్తకాలకు వాడేది ఆర్ట్ పేపర్. పైన నున్నటి పూత ఉంటుంది కాబట్టి జిగురు లోపలికి సరిగా ఇంకదు, కాగితం బరువు కూడా ఎక్కువ. పిల్లలేమో నేల మీద పరిచి, మోచేతులు ఆనించి చూస్తారు. ఉత్త జిగురు ఆ బరువును ఎన్నాళ్లు మోస్తుంది?

కుట్టు బైండింగ్ వేరు. కాగితాలను మడిచి ఫారాలు చేసి, ఒక్కో ఫారాన్ని మడత దగ్గర దారంతో కుట్టి, ఆ తర్వాత జిగురు పెడతారు. కొనేటప్పుడు పుస్తకాన్ని నిలబెట్టి పైనుంచి వీపు దగ్గర చూడండి. చిన్న చిన్న కట్టలు పక్కపక్కన మడిచి పెట్టినట్టు కనిపిస్తే కుట్టినది. ఒకే దిమ్మెలా, కోసినట్టు సాపుగా ఉంటే గమ్. హార్డ్ బౌండ్ అని రాసి ఉంది కదా అని ధీమా పడకండి. గట్టి అట్ట లోపల గమ్ బైండింగ్ ఉన్నవి నా దగ్గరికి చాలా వచ్చాయి.

రెండు పేజీలకూ కలిపి వేసిన పెద్ద బొమ్మ ఒకటి తీసి చూడండి. కుట్టిన పుస్తకం చదునుగా తెరుచుకుంటుంది. గమ్‌ది పూర్తిగా తెరుచుకోదు, హీరో ముఖం సగం మడతలోకి పోతుంది.

ఎర్రముక్కపల్లి (కడప)

బైండింగ్ గురించి అన్న చెప్పాడు. నేను లోపలి సరుకు గురించి చెప్తాను. ఇరవై ఏళ్లుగా ఇవే పోగేస్తున్నాను. డీకే అనే ప్రచురణ సంస్థ వేసిన డీసీ (బ్యాట్‌మ్యాన్ కామిక్స్ కంపెనీ) ఎన్‌సైక్లోపీడియా మొదట 2004లో, మార్వెల్ (స్పైడర్‌మ్యాన్, హల్క్‌ల కంపెనీ) ఎన్‌సైక్లోపీడియా 2006లో వచ్చాయి. కొన్నేళ్లకోసారి కొత్త ఎడిషన్ వేస్తుంటారు. పేరు అదే ఉంటుంది, లోపల చాలా మారిపోతుంది. అందుకే అట్ట చూసి కొనకూడదు, వెనక పేజీలో ఏ ఏడాదిదో చూసుకోవాలి.

ఏ పుస్తకం చేతికొచ్చినా నేను ముందు బ్యాట్‌మ్యాన్ పేజీ తీస్తాను. 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో మొదలయ్యాడు. దశాబ్దాల తరబడి సృష్టికర్తగా బాబ్ కేన్ పేరు ఒక్కటే వేశారు. మొదటి కథ రాసింది, ఆ ముసుగు, కేప్ ఎలా ఉండాలో చెప్పింది బిల్ ఫింగర్. ఆయన 1974లో చనిపోయాడు. అధికారికంగా కేన్ పేరు పక్కన ఆయన పేరు చేరింది 2015లో. అప్పటికి ఆయన లేక నలభై ఏళ్లు దాటింది. ఆ తర్వాత అచ్చయిన పుస్తకంలో కూడా ఫింగర్ పేరు కనిపించకపోతే నేను అక్కడే మూసేస్తాను.

తర్వాత హల్క్. 1962 మొదటి సంచికలో హల్క్ బూడిద రంగు. ఆనాటి ప్రింటింగ్‌లో ఆ బూడిద ఒక్కో పేజీలో ఒక్కోలా పడుతోందని రెండో సంచిక నుంచి ఆకుపచ్చ చేశారు. తర్వాత వచ్చిన రీప్రింట్లలో మొదటి కథకు కూడా పచ్చరంగే వేశారు. మీ పుస్తకంలో ఆ మొదటి కథ బొమ్మ ఉంటే రంగు చూడండి. అసలు సంచిక వెతికి పట్టుకున్నారో, దొరికిన రీప్రింట్ స్కాన్ చేసి సరిపెట్టారో తెలిసిపోతుంది.

వుల్వరీన్ కూడా మంచి పరీక్షే. 1974లో హల్క్ 180వ సంచిక చివర్లో తొంగిచూసి, 181లో పూర్తిగా వస్తాడు. రెండు సంచికలూ చెప్పారంటే రాసినవాళ్లకు శ్రద్ధ ఉన్నట్టు.

మీ వాడి ప్రశ్నకు జవాబు: స్పైడర్‌మ్యాన్ వచ్చింది 1962 ఆగస్టు తేదీ ఉన్న అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో. రాసింది స్టాన్ లీ, లోపల గీసింది స్టీవ్ డిట్కో. అట్ట మీది బొమ్మ జాక్ కిర్బీ పెన్సిల్‌తో గీస్తే, దాని మీద ఇంకు వేసింది డిట్కో.

అనంత నాన్న (అనంతపురం)

అన్నా, ఇది చదివి వినిపిస్తే మా వాడు డిట్కో పేరు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. చాలా థ్యాంక్స్.

మైల్స్ ఫ్యాన్ (అనంతపురం)

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు పాత ఎడిషన్ అని ఇట్టే పట్టేయొచ్చు. కొత్త తరం స్పైడర్‌మ్యాన్ మైల్స్ మొరాలెస్ వచ్చింది 2011లో, అంతకుముందు పుస్తకంలో ఉండడు. కెరోల్ డాన్వర్స్ కెప్టెన్ మార్వెల్ అయింది 2012లో. పాతవాటిలో ఆమె కోసం మిస్ మార్వెల్ దగ్గర వెతకాలి. నేను బెంగళూరు అవెన్యూ రోడ్డులో తక్కువకు వచ్చిందని ఒకటి కొనుక్కొచ్చి, మైల్స్ లేడని ఆ రాత్రంతా బాధపడ్డాను.

కమలానగర్ (అనంతపురం)

ఒక్క మాట. పిల్లలకు గీసినవాళ్ల పేర్లు ఎందుకండీ? మా పాపకు కావాల్సింది ఎవరికి ఏ శక్తి ఉంది, ఎవరి ఎత్తు ఎంత, ఎవరు ఎవరికి శత్రువు. మార్వెల్ వాళ్లే 1983లో అధికారిక హ్యాండ్‌బుక్ మొదలుపెట్టినప్పుడు ఎత్తు, బరువు, బలం అన్నీ లెక్కలేసి ఇచ్చారు. ఆ వివరాలు తప్పు లేకుండా ఉంటే చాలని నా అభిప్రాయం.

పంతులమ్మ (కర్నూలు జిల్లా)

కమలానగర్ గారూ, మీరన్న వివరాలూ ఉండాలి. కానీ గీసినవాళ్ల పేరు వద్దంటే నేను ఒప్పుకోలేను. మనం చందమామ చదివి పెరిగాం. 1947లో మొదలుపెట్టిన నాగిరెడ్డి గారిది మన కడప జిల్లా పొట్టిపాడు. అందులో బొమ్మ మూలన చిత్రా అనో, శంకర్ అనో సంతకం ఉండేది. భుజాన శవంతో నడిచే విక్రమార్కుణ్ణి గీసింది శంకర్ గారని చిన్నప్పుడే మాకు తెలుసు. వడ్డాది పాపయ్య గారి సంతకం, వపా అన్న రెండక్షరాలు, వెతుక్కోవడం మాకు ఒక ఆట. ఆ సంతకాలు చూసే నేను బొమ్మలు వేయడం నేర్చుకున్నాను. ఇది ఒక మనిషి చేత్తో గీసిందని తెలిస్తేనే, నేనూ గీయొచ్చని పిల్లకు అనిపిస్తుంది.

మా బడిలో అలాంటి ఎన్‌సైక్లోపీడియా ఒకటుంది, ఒక పూర్వ విద్యార్థి ఇచ్చాడు. ఇంగ్లిష్ అక్షరాలు మరీ చిన్నవి, నల్లటి పేజీ మీద ఎర్రటి అక్షరాలు కొన్నిచోట్ల. ఆరో తరగతి పిల్లలు కళ్లు చికిలించి చదువుతారు. నేను తెలుగులో చెప్తుంటే వింటూ బొమ్మలు చూస్తారు. చిన్న గడిలోని బొమ్మను పేజీ అంతా సాగదీసి వేసిన చోట గీతలు అలుక్కుపోయాయి. ఒకమ్మాయి "టీచర్, ఇది మసకేసింది, ఎలా గీసుకోవాలి?" అని అడిగింది. పుస్తకం వేసేవాళ్లు ఈ పిల్లలను కూడా తలుచుకోవాలి. ఇలాంటి పుస్తకం తెలుగులో శుభ్రంగా వస్తే మా బడి కోసం మొదట కొనేది నేనే.

కమలానగర్ (అనంతపురం)

మేడమ్, మీ మాట నిజం. ఈ రాత్రి మా పాపతో కూర్చుని మా పుస్తకంలో పేర్లు ఎక్కడున్నాయో వెతుకుతాను.

కమలానగర్ (అనంతపురం)

దొరికాయి. చివరి పేజీలో, చీమ తలంత అక్షరాల్లో, అందరివీ కలిపి. ఏ బొమ్మ ఎవరిదో మాత్రం లేదు. పాప డిట్కో పేరు పట్టుకుంది.

అనంత నాన్న (అనంతపురం)

బురుజు అన్నా, ఊడిన పుస్తకానికి దారి చెప్పలేదు మీరు.

బురుజు కింద (కర్నూలు)

పని ఎక్కువగా ఉండి ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు. రెండు దారులున్నాయి. పక్క నుంచి రంధ్రాలు పెట్టి కుట్టేయడం ఒకటి. ఒక్క పూటలో అయిపోతుంది, కానీ లోపలి అంచు అర అంగుళం తినేస్తుంది, మధ్య బొమ్మలు పోతాయి. మీ వాడు ఒప్పుకోడు. రెండోది, రెండేసి కాగితాలను సన్నటి పట్టీతో కలిపి మడత తయారు చేసి, ఫారాలుగా పేర్చి కుట్టడం. వారం పడుతుంది. మైదా పేస్ట్‌లో మైలుతుత్తం కలుపుతాం, పురుగు రాదు. ఆర్ట్ పేపర్‌కు తడి ఎక్కువ తగిలితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి నిదానంగా చేయాలి. వీపుకు క్యాలికో గుడ్డ వేస్తాను. పాత అట్ట పారేయకండి, దాన్నే మళ్లీ పైన అంటిస్తాను. ఈలోగా మీరు సెల్లోటేప్ మాత్రం వేయొద్దు. ఎండకు దాని జిగురు పసుపెక్కి బొమ్మ మీదికి దిగుతుంది.

అనంత నాన్న (అనంతపురం)

రెండోదే చేయండి అన్నా, ఎన్ని రోజులైనా పర్వాలేదు. శనివారం మా తమ్ముడు కర్నూలు వస్తున్నాడు, వాడి చేతికి ఇచ్చి పంపుతాను. మా వాడు ఇప్పుడే కూర్చుని పేజీలన్నీ మళ్లీ లెక్కపెట్టాడు. ఒక్కటీ పోలేదు.