మాత్ర మోతాదు పెంచుతున్నా అమ్మగారి టీఎస్‌హెచ్ తగ్గడం లేదు: ఎండోక్రినాలజిస్టుకు చూపించాలా?

ప్రశ్న:
మా అమ్మగారికి 58 ఏళ్లు, బరువు 62 కిలోలు. ఆరేళ్లుగా హైపోథైరాయిడ్‌కు (థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేయడం) మాత్ర వాడుతున్నారు. 50 మైక్రోగ్రాములతో మొదలైన మోతాదు ఇప్పుడు 125కు చేరింది, అయినా గత నెల పరీక్షలో టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తంలో పెరిగే హార్మోన్) 14 వచ్చింది. పగలంతా మగతగా ఉంటారు, మలబద్ధకంతో బాధపడుతున్నారు, ఎండాకాలంలో కూడా ఫ్యాను వద్దంటున్నారు. మా ఊరి డాక్టరు గారు మోతాదు ఇంకా పెంచుదామంటున్నారు. హార్మోన్ల డాక్టరుకు (ఎండోక్రినాలజిస్టుకు) చూపించమని బంధువులు చెబుతున్నారు కానీ, ఆయన రాసేదీ ఈ మాత్రే అయినప్పుడు అంత దూరం తీసుకువెళ్లి ప్రయోజనం ఉంటుందా?

మొదటి జవాబు:
తప్పకుండా తీసుకువెళ్లండి. నాకూ రెండేళ్లపాటు ఇలాగే జరిగింది. నేను వెళ్లిన ఎండోక్రినాలజిస్టు గారు చీటీ రాయడానికి ముందు, పొద్దున లేచింది మొదలు నోట్లో ఏమేం వేసుకుంటానో వరుసగా చెప్పమన్నారు. కాఫీతో థైరాయిడ్ మాత్ర, టిఫిన్ కాగానే కాల్షియం మాత్ర అని చెప్పాను. సీసా ఎక్కడ ఉంచుతానని కూడా అడిగారు. అది పొయ్యి పక్క అలమారలో, కాఫీ ఫిల్టరును ఆనుకుని ఉండేది. వేడికీ తేమకూ ఈ మందు బలం తగ్గిపోతుందని అప్పుడే తెలిసింది. ఈ అలవాట్లు మార్చుకున్నాక, మోతాదు పెంచకుండానే, ఎనిమిది వారాల తర్వాత నా టీఎస్‌హెచ్ 19 నుంచి 3కు దిగింది.

రెండో జవాబు:
నేను జనరల్ మెడిసిన్ డాక్టరును. థైరాయిడ్ గ్రంథి దాదాపు పూర్తిగా పనిచేయని వారికి కూడా కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు సరిపోతుంది. అంటే మీ అమ్మగారికి 100 దరిదాపుల్లో చాలాలి. 125 వేసుకుంటున్నా 14 వచ్చిందంటే మందు ఒంటికి పట్టడం లేదేమోనని ముందు అనుమానించాలి. మాత్రను పరగడుపున, మంచినీళ్లతో, కాఫీకీ టిఫిన్‌కూ కనీసం అరగంట, వీలైతే గంట ముందు వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మన ఇళ్లలో ఏళ్ల తరబడి వాడే గ్యాస్ మాత్రలు కూడా కడుపులో ఆమ్లాన్ని తగ్గించి, మందు ఒంటబట్టకుండా చేస్తాయి. జుట్టు కోసం వాడే బయోటిన్ పరీక్ష ఫలితాన్నే తారుమారు చేయగలదు కనుక రెండు రోజుల ముందు ఆపమంటాము. ఇవన్నీ సరిగ్గా ఉన్నా తగ్గకపోతే, పేగుల్లోనో జీర్ణాశయంలోనో లోపం ఉందేమో ఎండోక్రినాలజిస్టు వెతుకుతారు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. అలవాటు దిద్దుకున్నాక అదే 125 ఎక్కువైపోయి గుండెదడ రావచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. అందువల్ల ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ పరీక్ష చేయించండి. అంతకంటే ముందు చేయిస్తే టీఎస్‌హెచ్ ఇంకా కుదురుకోక, అంకె తప్పుదారి పట్టిస్తుంది.

మూడో జవాబు:
ఎం.డి. తర్వాత మూడేళ్లు ఈ విభాగంలోనే డి.ఎం. చదివినవారిని ఎంచుకోండి. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రుల్లో ఈ విభాగం ఉంది. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని, వాడుతున్న మందులన్నీ వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. అమ్మగారిని ఇప్పుడే అడిగాను. థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర రెండూ ఒకేసారి, పొద్దున కాఫీతోనే వేసుకుంటున్నారట. ఆరేళ్లలో నేను కూడా ఒక్కసారైనా అడగలేదు. వచ్చే సోమవారం ఎండోక్రినాలజిస్టు దగ్గరకు తీసుకువెళుతున్నాను.