బ్రేక్ పెడల్ మెల్లగా జారిపోతోంది: బ్రేక్ పైపుల్లో గాలి ఉండిపోయిందా, మాస్టర్ సిలిండర్ పోయిందా?

తొమ్మిదేళ్ల పాత కారు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ ఉంది. పోయిన వారం ముందు ప్యాడ్లు మార్చి, పాత బ్రేక్ ఆయిల్ తీసేసి కొత్త డాట్ 4 పోశాం. అప్పట్నుంచీ పెడల్ తొక్కితే స్పాంజి మీద కాలేసినట్టుంది.

రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గట్టిపడుతుంది. కానీ ఇంజిన్ ఆన్‌లో ఉంచి కాలు అలాగే నొక్కిపట్టుకుంటే మెల్లగా జారుతూ మ్యాట్ దాకా దిగిపోతోంది. డబ్బాలో ఆయిల్ గీత మాత్రం తగ్గలేదు. చక్రాల వెనక, పైపుల జాయింట్ల దగ్గర టిష్యూ పెట్టి తుడిచి చూశా, ఎక్కడా తడి లేదు. నాలుగు చక్రాల బ్రేక్ పైపుల్లోంచీ రెండుసార్లు గాలి తీశాం. రెండోసారి ఒక్క బుడగ కూడా రాలేదు.

గాలి ఉంటే పెడల్ మెత్తగా ఉండాలి గానీ ఇలా జారకూడదు కదా? అందుకే నా అనుమానం మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల బ్రేకులకి నెట్టే భాగం) లోపలి రబ్బర్ల మీద. గాలి తీసేటప్పుడు మా తమ్ముడు, నేను వద్దనేలోపే, పెడల్‌ని అడుగుదాకా తొక్కేశాడు. సిలిండర్‌లో పిస్టన్ మామూలుగా వెళ్లని చోట తుప్పుంటే రబ్బరు కోసుకుపోతుందట.

సిలిండర్ విప్పకముందే తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉందా? రబ్బర్ కిట్ వేస్తే సరిపోతుందా, మొత్తం మార్చాల్సిందేనా? వెనక డ్రమ్ముల అడ్జస్ట్‌మెంట్ కూడా చూడాలా? అప్పటిదాకా బండి కదపట్లేదు.