పైన ఆరిన మడిలో మెషిన్ దింపినా నేల ఎందుకు బిగుస్తోంది?

వంశధార_ఆయకట్టు: వరి కోత తర్వాత పెసర, మినుము వేసే మళ్లలో వరికోత మెషిన్ చక్రాల బారునా మొక్క పసుపుబారి జానెడు కూడా లేవడం లేదు. నాలుగడుగుల పక్కన అదే విత్తనం బాగుంటోంది. పాదం దిగకుండా ఆరాకే కోత పెట్టినా ఇదే తంతు. కారణం ఏటండీ?

పదును_చూడు: పైన ఆరిందా లేదా అన్నది కాదు, ఆరు అంగుళాల కింద ఎలా ఉందో చూడాలి. పారతో ఆ లోతు మట్టి తీసి, అరచేతుల మధ్య 3 మిల్లీమీటర్ల మందం పుల్లలా దొర్లించండి. పగుళ్లు లేకుండా సాగిందంటే ఆ రోజు చక్రం దిగకూడదు. అంత సన్నం కాకముందే తునిగిపోతే దింపొచ్చు. ఎర్ర గరువు నేలల్లో ఇసుక ఎక్కువ కాబట్టి పుల్ల రాదు. అక్కడ ముద్ద కట్టి నడుమెత్తు నుంచి వదలండి. చెదరకుండా ముద్దలాగే పడితే ఆగాలి.

బాగా ఎండిన మట్టిలో రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, బరువును ఆపుతాయి. తడి తగిలితే జారి సందుల్లోకి సర్దుకుంటాయి, గాలి బయటికి పోతుంది. నిండా బురదగా ఉంటే సందుల్లో నీళ్లే కాబట్టి అణగడానికి చోటుండదు, దమ్ము చేసినట్టు నలిగిపోతుంది. అదీ చెరుపే. కానీ వాన వెలిసిన రెండు మూడు రోజులకి, నీరు దిగి చెమ్మ మిగిలినప్పుడే నేల అన్నిటికంటే ఎక్కువ బిగుస్తుంది. ‘ఆరింది కదా’ అని మనం దింపేది సరిగ్గా ఆ రోజే.

రాజాం_ట్రాక్టర్: టైర్ల గాలి సంగతి కూడా చూడండి. తొట్టి లాగడానికి నింపిన గాలితోనే దుక్కికి దిగుతున్నారు. పొలంలో 12 నుంచి 14 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చాలు, మీ బండి మాన్యువల్‌లో ఓసారి సరిచూసుకోండి. గాలి తగ్గిస్తే పై పొర మీద ఒత్తిడి తగ్గుతుంది. లోతు పొరకు మాత్రం ఇరుసు మీద మొత్తం బరువే లెక్క, గాలి తగ్గించి దాన్ని తప్పించలేం. చైన్ మెషిన్‌కీ అంతే, పైన దిగబడదు గానీ బరువు ఎక్కడికీ పోదు. తేలిక పనులకి, బరువు కోసం టైర్లలో నింపిన నీళ్లు తీసేయండి.

ఇంకోటి, నష్టంలో ఎక్కువ భాగం మొదటి తిరుగుడుకే జరిగిపోతుంది. అందుకే ప్రతిసారీ కొత్త దారి తొక్కకుండా పాత జాడల్లోనే నడపండి.

గరువు_సేద్యం: అలా బిగిసి కింద ఏర్పడ్డ గట్టి పొర ఎంత లోతున ఉందో తెలియాలంటే 10 మిల్లీమీటర్ల ఇనుప చువ్వకి పైన అడ్డపిడి వెల్డింగ్ చేయించి, వాన పడ్డ రెండో రోజు నిలువుగా గుచ్చండి. ఆగిన చోట టేపు చుట్టి, గట్టు పక్కన ఎవరూ తొక్కని నేలలోనూ గుచ్చి పోల్చండి. ఎండిన నేలలో గుచ్చితే అంతా గట్టిగానే తగులుతుంది, ఆ కొలత పనికిరాదు. నేల గట్టిదనం కొలిచే పెనెట్రోమీటర్ దొరికితే 300 పీఎస్ఐ దాటిన చోట వేరు దాదాపు దిగదని అనుకోండి. అన్నిటికంటే ఒక పెసర మొక్కని వేరుతో తవ్వి తీస్తే చాలు. తల్లివేరు పక్కకి మోకాలులా వంగి ఉంటే అక్కడే పొర.

నేల_లెక్క: అంకె కావాలంటే 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తున్న గొట్టం ముక్క దించి మట్టి తీయండి. అది 98 ఘన సెంటీమీటర్లు. 105 డిగ్రీల వేడిలో 24 గంటలు ఆరాక 150 గ్రాములు తూగితే సాంద్రత, అంటే ఘన సెంటీమీటరుకి బరువు, 1.53 గ్రాములు. బంకమట్టిలో 1.5 దగ్గరే వేరు ఆగుతుంది, ఇసుక నేల 1.7 దాకా ఓర్చుకుంటుంది. తేమ మీటరుతో జాగ్రత్త. బిగిసిన నేలలో అంతే నీరు తక్కువ చోటులో ఇరుకుతుంది కాబట్టి అంకె ఎక్కువ చూపి మోసం చేస్తుంది.

వంశధార_ఆయకట్టు: అయితే గట్టి పొరని లోతుగా చీల్చే సబ్‌సాయిలర్ నాగలి వేసేయమంటారా?

పదును_చూడు: తొందరపడకండి. ఆ పొరే మడిలో నీరు నిలబెడుతోంది. ఇసుక పాలున్న మడిలో దాన్ని పగలగొడితే వచ్చే ఉభాలకి (వరి నాట్లకి) కాలువ నీరు చాలదు. మెట్ట మొక్కజొన్నకైతే వేయొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో కింద దాకా ఎండాక, పొరకి రెండు అంగుళాలు దిగువకి, నాలుగైదు అడుగుల ఎడంతో లాగండి. తడిలో లాగితే కత్తి గాటు తప్ప నేల చిట్లదు. నల్లరేగడి వేసవి నెర్రెలతో కొంత తనంతట తానే సర్దుకుంటుంది, ఎర్ర గరువుకి ఆ గుణం లేదు. ఎకరాకి 10, 12 కిలోల జీలుగ చల్లి పూత దశలో కలియదున్నడం నిదానమైన వైద్యమే గానీ రెండింటికీ పనికొస్తుంది.

గరువు_సేద్యం: పుల్ల విరిగేదాకా ఆగితే పెసరకి చెమ్మ ఉండదు కదా గురువుగారూ? మెషిన్ వంతు కూడా మన చేతిలో ఉండదు.

పదును_చూడు: నిజమే. అందుకే కోతకి పది రోజుల ముందే నీరు తీసేయాలి, గట్టు కోసి వదిలేయడం కాదు, మడి చుట్టూ బోదె తీసి. ధాన్యం పెట్టె సగం నిండగానే గట్టు దగ్గర దింపించండి. తొట్టిని మడి మధ్యకి రానివ్వకండి. పెసర విత్తనం కోతకి రెండు మూడు రోజుల ముందే చల్లి, చక్రాల జాడలకని రెండు కిలోలు విడిగా ఉంచుకోండి, పలచబడిన చోట మళ్లీ జల్లడానికి.